కరపత్రంలో నటుల పరిచయం రాయాలంటే ముందు వాళ్ల పగటి పని అడగండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ ఊళ్లో ఉగాదికి సాంఘిక నాటిక వేస్తున్నారు. ఏడుగురు నటులు. కరపత్రంలో ఒక్కొక్కరి గురించి నాలుగు వాక్యాలు రాసే పని మీ మీద పడింది. అందరినీ అడిగారు, అందరూ ‘ఏముందండీ, ఏదో సరదా’ అన్నారు. ఎక్కడా శిక్షణ పొందనివాళ్ల నేపథ్యం గురించి ఏమి రాయాలి, అసలు రాయడానికి ఏమైనా ఉంటుందా అన్నది మీ సందేహం.

చాలా ఉంటుంది. ‘నాటకాల్లో ఎన్నాళ్లుగా ఉన్నారు’ అని అడిగితే ఎవరైనా సరదా అనే అంటారు. పగలు ఏమి చేస్తారో అడగండి. నేను తెనాలి చుట్టుపక్కల ముప్పై ఏడేళ్లుగా నాటికలు ఆడిస్తున్నాను. టెలిఫోన్ల శాఖలో ఉద్యోగం చేసి విరమించాను. నాకు అర్థమైనంతలో మన చిన్న ఊళ్లలో నటుడిని తయారు చేసేది అతని పగటి పని. చాలాసార్లు పాడు చేసేదీ అదే.

మా నాటక సమాజంలో పదహారేళ్లు ఉన్న ఒకాయన ఆర్టీసీలో కండక్టరు. తొలిసారి రిహార్సల్‌కు వచ్చినప్పుడు ఆయన గొంతు విని మేమంతా మురిసిపోయాం. మైకు లేకపోయినా ఆఖరి వరుసకు వినపడుతుంది. ఇంజను మోతను దాటుకుని, నిండు బస్సులో వెనక సీటు దాకా చేరవలసిన గొంతు మరి. వారం తిరిగేసరికి చిక్కు బయటపడింది. ఆ గొంతుకు కిందికి దిగడం తెలియదు. చనిపోతున్న తండ్రి చెవిలో చెప్పే మాట కూడా తర్వాతి స్టాపు పేరు పిలిచినట్టే ఉండేది. నిలబడే తీరు ఇంకొక తంటా. కుదుపులకు పడిపోకుండా కాళ్లు ఎడంగా పెట్టి, ఒక భుజం కడ్డీకి ఆనించడం ఒంటికి పట్టేసింది. స్టేజి మీద కడ్డీ ఉండదు కదా, ఆ భుజం గాలిలోకి ఒరిగేది. రెండు నెలలు ప్రయత్నించినా మాన్పించలేకపోయాను. చివరికి ఆ ఒరుగుడును అలాగే ఉంచి, అప్పుల్లో ఇల్లు పోగొట్టుకున్న పెద్దమనిషి వేషం ఇచ్చాను. ఆ ఏడాది ఆయనకు బహుమతి వచ్చింది. ‘ఆ ఒరిగి నిలబడటం ఎంత ఆలోచించి చేశారో’ అని న్యాయనిర్ణేత ఒకరు మెచ్చుకున్నారు. మేమెవరం నోరు విప్పలేదు.

తెలుగు పండితులది మరో రకం. కంఠస్థం చేయడంలో వారికి సాటి లేరు. ప్రాంప్టింగు అక్కర్లేదు, ఒత్తులు పోవు, శ ష స లు కలగలిసిపోవు. అయితే ఎదుటి పాత్ర మాట్లాడుతుంటే వినరు. పాతికేళ్లు తరగతిలో తాము మాట్లాడటమే తప్ప వినవలసిన అవసరం రాలేదు. ఎదుటివాడి సంభాషణ సాగుతున్నంతసేపూ పాఠం అప్పజెప్పుతున్న పిల్లవాడిని చూసినట్టు చూస్తారు. వాడు ఒక మాట మింగితే వీరి పెదవి కదులుతుంది. ఈ మాట రాస్తున్నందుకు నా మిత్రులు ఇద్దరు నాతో వారం రోజులు మాట్లాడరని తెలుసు.

నేను చూసినవారిలో అందరికంటే మంచి నటుడు రిజిస్ట్రారు ఆఫీసు ముందు చెట్టు కింద కూర్చునే దస్తావేజు లేఖరి. పీలగొంతు, రూపం అంతంతమాత్రం, పద్యం అసలే రాదు. కానీ ముప్పై ఏళ్లపాటు అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చుని పొలం పంచుకోవడం చూసిన మనిషి. ఇష్టం లేకుండా వేలిముద్ర వేసే ఆడపడుచు ఎటు చూస్తుందో ఆయనకు తెలుసు. ఒక నాటికలో ఆస్తి రాసిచ్చేసే తండ్రిగా వేశారు. కలం అందుకుని, మూత తీసి, ఆ మూతను ఎక్కడ పెట్టాలో తోచనట్టు కాసేపు చేతిలోనే ఉంచుకున్నారు. అది స్క్రిప్టులో లేదు. నేనూ చెప్పలేదు. అప్పటిదాకా పల్లీలు నములుతున్న హాలు నిశ్శబ్దమైపోయింది. తర్వాత అడిగితే, ‘అందరూ అంతేనండీ, మూత దగ్గరే ఆగుతారు’ అన్నారు.

కరపత్రంలో ఆయన గురించి అప్పట్లో మేము అచ్చు వేసిన వాక్యం ‘కళాభిమాని, డాక్యుమెంటు రైటరు’ అని. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది.

పని తర్వాత అడగవలసింది మొట్టమొదట ఎక్కిన వేదిక. దానికి ఎవరూ సరదా అని జవాబు చెప్పి తప్పించుకోలేరు, ఎందుకంటే అది అందరికీ గుర్తుంటుంది. మా ప్రాంతంలో ఆ జవాబులు ఎక్కువగా రెండు మూడు చోట్లకే చేరుతాయి. శ్రీరామనవమి పందిట్లో వానరుల గుంపులో ఒకడు. క్రిస్మస్ రాత్రి చర్చి ఆవరణలో దుప్పటి కప్పుకున్న గొర్రెల కాపరి, కాస్త ఎత్తుగా ఉంటే హేరోదు రాజు. బడి వార్షికోత్సవంలో ముసలి తాత. పద్యం పాడేవాళ్లనైతే ‘మీకు హార్మోనియం మాస్టారు ఎవరు’ అని కూడా అడగాలి. పాత రోజుల్లో హార్మోనియం మాస్టారు ఒక ఊళ్లో నెలల తరబడి మకాం వేసి, చదవడం రానివాళ్లకు కూడా రాయబారం పద్యాలు నోటితో నేర్పి, ఊరంతా కలిసి ఒక రాత్రి నాటకం ఆడేదాకా ఉండేవారు. వేషానికి ఇంత అని నటులే చందా వేసుకునేవారు. మా పక్క ఊళ్లో కృష్ణుడి వేషానికి చందా అందరికంటే ఎక్కువ, దుర్యోధనుడిది దాని తర్వాత. ద్వారపాలకుడు మాత్రం ఊరికే వేయవచ్చు.

పగటి పనీ రాత్రి వేషమూ అన్నది మన దగ్గర కొత్త ఏర్పాటు కాదు. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించినప్పుడు వేషాలు కట్టింది విద్యార్థులు. కోర్టుల చుట్టూ తిప్పే వకీళ్లను వెక్కిరించే ఆ రచనను జనం ‘ప్లీడరు నాటకం’ అనేవారు. తమాషా ఏమిటంటే, తర్వాతి తరాల్లో మన రంగస్థలాన్ని భుజాన వేసుకున్నవారిలో ప్లీడర్లే ముందు కనిపిస్తారు. ఆంధ్ర నాటక పితామహుడని పేరు పడ్డ ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్ళారిలో వకీలు. ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవ కూడా వకీలే. ఏలూరులో ‘చింతామణి’ నాటకంలోని బిల్వమంగళుడి వేషానికి ప్రసిద్ధుడైన బందా కనకలింగేశ్వరరావుదీ అదే వృత్తి. నల్లకోటు వేసుకుని, ఎదుటి పక్షం మాట తూచి, న్యాయమూర్తి ముఖం చదువుతూ గొంతు పెంచడం తగ్గించడం రోజూ చేసేవాళ్లకు స్టేజి ఒక కొత్త చోటుగా అనిపించి ఉండదు.

ఆ తర్వాత వృత్తులు మారుతూ వచ్చాయి. 1943లో కమ్యూనిస్టు పార్టీ అండతో మొదలైన నాటక సంస్థ ప్రజానాట్యమండలిని నడిపించిన గరికపాటి రాజారావు వైద్యుడు. 1947 ప్రాంతంలో తెలంగాణ రైతు పోరాటం మీద రాసిన ‘మా భూమి’ నాటకం ఆడిన దళాల్లో పొలం పని చేసేవాళ్లూ, పార్టీ పని చేసేవాళ్లూ వేషాలు కట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ చోటును ప్రభుత్వోద్యోగులు తీసుకున్నారు. విజయనగరంలో ‘కన్యాశుల్కం’తో పేరు తెచ్చుకున్న జె.వి. సోమయాజులు రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు దాకా చేశారు. కోట శ్రీనివాసరావు స్టేట్ బ్యాంకు ఉద్యోగి. ఎన్.టి. రామారావు సబ్‌రిజిస్ట్రారు ఉద్యోగంలో చేరి మూడు వారాలకే వదిలేశారు. మా దస్తావేజు లేఖరి ఈ సంగతిని తమ ఆఫీసు ఘనతగానే చెప్పుకునేవారు.

ఉద్యోగులే ఎందుకు వచ్చారంటే, తీరిక. సాయంత్రం అయిదున్నరకు బల్ల సర్ది బయటపడగలిగిన మనిషికే ఏడింటికి రిహార్సల్ కుదురుతుంది. రైల్వే ఇన్‌స్టిట్యూట్లు, ఆఫీసుల వినోద సంఘాలు, ఉచితంగా దొరికే హాలు, అర్థం చేసుకునే పై అధికారి ఒకరు, ఇవన్నీ కలిసివచ్చాయి. 1929లో తెనాలిలో ఏర్పడిన ఆంధ్ర నాటక కళాపరిషత్తుతో పోటీల పద్ధతి స్థిరపడి, ఊరూరా నాటక పోటీలు నడిపే పరిషత్తులు వెలిశాక, మూడు రోజులు సెలవు పెట్టి వేరే ఊరు వెళ్లి పోటీలో ఆడి రాగలిగినవాడే నటుడిగా నిలిచాడు. సెలవు లేనివాడు ఎంత ప్రతిభ ఉన్నా రాలిపోయాడు. ఈ మాట పరిషత్తుల చరిత్ర రాసేవాళ్లు అంతగా పట్టించుకోరు.

ఇప్పుడు ఆ తీరిక కరిగిపోతోంది. మా ప్రస్తుత బృందంలో ఒక కుర్రాడు ఫోన్ల దుకాణంలో పని చేస్తాడు, తొమ్మిదిన్నరకు షట్టరు దించాకే వస్తాడు. ఇంకొకతను ప్రైవేటు బడిలో మాస్టారు, రాత్రి ట్యూషన్లు కూడా ఉన్నాయి. బ్యాంకు ఉద్యోగి ఒకరు ఉన్నారు కానీ మార్చి ఆఖరులో ఆయన మనిషి కాదు. ఉగాది పోటీలేమో సరిగ్గా అప్పుడే వస్తాయి. టీచర్లకు పరీక్ష పత్రాలు దిద్దే రోజులు, రైతులకు మినుము తీసే రోజులు. పంచాంగం చూసి ముహూర్తం పెట్టడం కంటే ఆరుగురి పనులు చూసి రిహార్సల్ పెట్టడం కష్టం. అందుకే మిగిలేది ఉద్యోగ విరమణ చేసినవాళ్లు, అంటే మాలాంటివాళ్లం. పరిషత్తు నాటికల్లో కన్నవాళ్లను గాలికి వదిలేసిన కొడుకుల కథలు ఇన్ని ఎందుకు వస్తాయని విమర్శకులు విసుక్కుంటూ ఉంటారు. సమాజం అలా ఉందని రచయితలు అంటారు. నా లెక్క వేరు. దొరికే నటుల వయసు అరవై దాటింది, వాళ్లకు సరిపోయే వేషం తండ్రి వేషమే. పాతికేళ్ల కుర్రాళ్లు నలుగురు దొరికితే కథలు వాటంతట అవే మారతాయి.

ఇక అసలు చెప్పవలసిన మనిషి దగ్గరికి వస్తాను. మీ ఏడుగురిలో నటీమణి ఒకరో ఇద్దరో ఉండి ఉంటారు. వారి గురించి మీ దగ్గర అందరికంటే తక్కువ సమాచారం ఉండి ఉంటుంది. మిగతా అందరూ మీ ఊరివాళ్లు, ఆమె బయటి ఊరి నుంచి చివరి రెండు మూడు రోజులకే వస్తారు. అవునా? మా దగ్గరా అంతే. మీ నాటికలో ఆ ఒక్కరే నటనతో బతుకుతున్న మనిషి. మగవాళ్లం చేతి డబ్బు పెట్టుకుని ఆడతాం. ఆమెకు ప్రదర్శనకు ఇంత అని పారితోషికం ఉంటుంది. అది కూడా గొప్పగా ఉండదు కనుక ఒకే పరిషత్తులో మూడు నాలుగు సమాజాలకు ఆడతారు. మధ్యాహ్నం ఒకరికి తల్లి, రాత్రి ఇంకొకరికి భార్య. సంభాషణలు బస్సులో నేర్చుకుంటారు. మేము రెండు నెలలు నలిగినదాన్ని ఆమె రెండు రోజుల్లో పట్టుకుని, మా కండక్టరు గారు మాట మరిచిపోతే ఆ మాటను కూడా తన సంభాషణలో కలిపి కథను ముందుకు లాగేస్తారు.

ఇలాంటి నటీమణుల వెనక ఉన్న చరిత్ర మా గుమాస్తాల చరిత్ర కంటే గట్టిది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు బృందం ‘కీచక వధ’ ఆడింది. అంతకుముందు తోలుబొమ్మలాటతో బతికిన, మరాఠీ మూలాలున్న కుటుంబాలవి. ఇతర సమాజాల్లో ఆడవేషం మగవాళ్లు కడుతున్న రోజుల్లో ఆ ఊరి పేరుతోనే పిలిచే సురభివారింట్లో ఆడవాళ్లే స్టేజి ఎక్కారు. బాపట్ల స్థానం నరసింహారావు స్త్రీ పాత్రలతోనే కీర్తి గడించి 1956లో పద్మశ్రీ అందుకున్నారు, ఆయన గొప్పతనాన్ని ఎవరూ కాదనరు. బళ్ళారి రాఘవ మాత్రం స్త్రీ పాత్ర స్త్రీలే వేయాలని పట్టుబట్టి, చదువుకున్న ఇళ్ల ఆడవాళ్లను ఒప్పించడానికి చాలా శ్రమపడ్డారు. ఈ రోజు మీ నాటికకు వచ్చే ఆమె సురభి కుటుంబం నుంచి కావచ్చు, పద్యనాటక బృందాల్లో పెరిగినవారు కావచ్చు, భర్త సంపాదన ఆగిపోయాక ఈ పనిలోకి వచ్చినవారు కావచ్చు. అడిగితే తెలుస్తుంది. కానీ ఎవరూ అడగరు.

ఒకసారి ఒక పోటీలో తెర లేవక ముందు వ్యాఖ్యాత మా నటులను పరిచయం చేశాడు. మగవాళ్ల ఉద్యోగాలు, హోదాలు, బహుమతుల పట్టిక అన్నీ చదివాడు. నా గురించి ఒక నిమిషం చెప్పాడు. మా నటీమణి దగ్గరకు వచ్చేసరికి ‘భార్యగా నటించినది’ అని ఒక పేరు చదివాడు, అది కిందటి నాటికలో వేసిన వేరొక నటి పేరు. తప్పు అతనిది కాదు. మేము ఇచ్చిన కాగితంలో ఆమె పేరు ఎదురుగా ఖాళీ ఉంది, అతను ఏదో ఒకటి నింపాడు. ఆ కాగితం రాసింది నేను.

మరి ఎలా రాయాలి అంటే, మామూలుగా మన కరపత్రాల్లో వచ్చే వాక్యం ఇలా ఉంటుంది: ‘కళామతల్లి ముద్దుబిడ్డ, బహుముఖ ప్రజ్ఞాశాలి శ్రీ ఫలానా గారు గత పాతిక సంవత్సరాలుగా రంగస్థలానికి విశేష సేవలందిస్తూ, విద్యుత్ శాఖలో పనిచేస్తూ, పెక్కు అవార్డులు గైకొనియున్నారు.’ ఈ వాక్యంలో పేరు మార్చి ఎవరికైనా తగిలించవచ్చు, అందుకే ఎవరూ చదవరు. అదే మనిషి గురించి నేనైతే ఇలా రాస్తాను: ‘విద్యుత్ శాఖలో లైన్‌మన్. తొమ్మిదో తరగతిలో శ్రీరామనవమి పందిట్లో వానరుల్లో ఒకడిగా మొదటి వేషం. గాలివాన వచ్చిన రాత్రులు రిహార్సల్ మధ్యలో లేచి వెళ్లారు. రెండో రంగంలో కనిపిస్తారు, మొదటి రంగం జరుగుతున్నంతసేపు తెర వెనక లైట్లు చూసేది ఆయనే.’ ఇందులో పొగడ్త లేదు. కానీ చదివినవాడు రెండో రంగం కోసం ఎదురుచూస్తాడు.

బహుమతులు రాయవద్దని నేను అనను. రాష్ట్ర ప్రభుత్వపు నంది నాటకోత్సవాలు 1998లో మొదలయ్యాక మంచి నటులకు అందిన నందులు గౌరవంగా చెప్పుకోదగినవే. ఒక్కటి రాయండి చాలు, ఏ పాత్రకు వచ్చిందో కూడా రాయండి. పాత్ర పేరు లేని బహుమతి ఇంట్లో బీరువా మీది జ్ఞాపికతో సమానం. బిరుదులు తీసేయండి. మా ఊళ్లో ‘నటశేఖరులు’ ముగ్గురు, ఒకే వీధిలో ఇద్దరు. పేరు వెనక కులం తోక, ఎవరి అల్లుడు, ఎవరి తమ్ముడు అన్నవి కూడా వద్దు. శిక్షణ ఉంటే మాత్రం తప్పక రాయండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో, తెలుగు విశ్వవిద్యాలయంలోనో రంగస్థల కళలు చదువుకుని చిన్న ఊరి బృందానికి వచ్చి ఆడేవాళ్లు అరుదు. వాళ్లు ఎందుకు వచ్చారో అడిగితే అదే ఒక మంచి వాక్యం అవుతుంది.

ఇంకొక జాగ్రత్త. రాసింది అచ్చుకు పంపే ముందు ఎవరిది వారికి చదివి వినిపించండి. మా బృందంలో ఒకాయన తాను పనిచేసే చోట నాటకాల సంగతి తెలియకూడదన్నారు, అనారోగ్యమని సెలవు పెట్టి వచ్చారు. ఇంకొకరు కూతురికి సంబంధాలు చూస్తున్నామని, ఈ ఏడాదికి తన పేరు మాత్రం వేసి ఊరుకోమన్నారు. నటీమణుల ఊరు, కుటుంబం వివరాలు వారు అడిగితే తప్ప వేయకండి. ఫోను నంబరు అసలే వద్దు. కారణం నేను విడమరచి చెప్పనక్కర్లేదు. చివరి పంక్తిలో మేకప్ చేసే ఆయన పేరు, కీబోర్డు వాయించే అబ్బాయి పేరు ఉండాలి. మీ నాటికలో అందరికంటే ఎక్కువ నాటకాలు చూసినవారు బహుశా ఆ మేకప్ ఆయనే. నాలుగు వాక్యాలు ఆయనకూ ఇవ్వవచ్చు.

ఆ వ్యాఖ్యాత సంగతి జరిగిన రాత్రి ఆమెను బస్సు ఎక్కించడానికి వెళ్లాను. క్షమించమన్నాను. ‘అలవాటేనండీ’ అన్నారు. బస్సు ఆలస్యమైంది. ఇన్నేళ్లలో ఎన్ని వేషాలు వేశారో గుర్తుందా అని మొదటిసారి అడిగాను. సంచిలోంచి ఒక పాత నోటుపుస్తకం తీశారు. గీతలు గీసుకుని గడులు చేసుకున్నారు: తేదీ, ఊరు, నాటిక, పాత్ర, అందిన డబ్బు, బస్సు చార్జీ. నా నాటికల కోసం వెతికితే పందొమ్మిది ఉన్నాయి. పాత్ర గడిలో చాలాచోట్ల ‘భార్య’, ‘తల్లి’, ‘కోడలు’ అని మాత్రమే ఉంది. పేరు ఎందుకు రాసుకోలేదు అన్నాను. ‘మీరు పెట్టలేదు కదండీ’ అన్నారు. ఇంటికి వచ్చి స్క్రిప్టులు తీసి చూశాను. నిజమే, పదకొండింటిలో పెట్టలేదు.

మీ నటీమణితో రిహార్సల్‌లో మాట్లాడటం కుదరదు, ఆ రెండు రోజులు ఆమెకు ఊపిరి సలపదు. తిరుగు ప్రయాణానికి బస్సు స్టాండు దాకా వెళ్లండి. కరపత్రం అప్పటికే అచ్చయిపోయి ఉంటుంది కనుక, ఈసారికి ఫోనులో ముందే ఒక అరగంట అడగండి. నోటుపుస్తకం ఉందేమో కూడా అడగండి.